మూడుకీ నాలుగుకీ మధ్య నా ఇరవై రెండు బై ఏడు

నిండు సభలో, నా చేతికే సుద్దముక్క ఇచ్చి, నా లెక్క తప్పని నా చేతే రుజువు చేయించారు. ఇంతకంటే అన్యాయం ఎక్కడైనా ఉందా? నేరం నాదే అనుకోండి, శిక్ష అమలు చేసే ఉద్యోగం కూడా నాకే ఇవ్వాలా? ఏళ్లు గడిచినా ఆ మంట చల్లారలేదు. మొత్తం విన్నాక నవ్వండి. ముందే నవ్వితే ఊరుకోను.

అప్పటికి నేను రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరై, హిందీవాళ్ల ఊళ్లో, గుఢియారీ పేటలో పట్టాల పక్కనున్న ఇంట్లో కొత్తగా ఖాళీ అయ్యాను. ఖాళీగా ఉన్న ఫిట్టరు ఎంత ప్రమాదమో మా ఇంటి కుళాయిలను అడగండి. బాగున్నవాటిని కూడా విప్పి బాగుచేశాను. నేను బడికి వెళ్లింది ఐదో తరగతి దాకానే. మిగతాదంతా పాత పుస్తకాలు కొనుక్కుని నాకు నేనే చెప్పుకున్నాను. అలా చదివినవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది. దిద్దేవాడు పక్కన ఉండడు కనుక తప్పులే లేవనుకుంటాడు.

మా మనవరాలు మాధురి అప్పుడు తొమ్మిదో తరగతి. ఊళ్లోని బడులన్నీ కలిసి జరిపే లెక్కల ప్రదర్శనకు వాళ్ల తరగతి నుంచి ఒక్క చార్టే వెళ్తుంది. అది తనదే కావాలని పిల్ల తిండి కూడా సరిగ్గా తినకుండా కూర్చుంది. విషయం: మూడుకీ నాలుగుకీ మధ్య ఉండే సంఖ్యలు. ఒక గడిలో పరిమేయ సంఖ్యలు, అంటే భిన్నంగా రాయగలిగేవి. రెండో గడిలో అపరిమేయాలు, అంటే ఏ భిన్నానికీ లొంగనివి.

మొదటి గడిలో నా ప్రతాపం చూపించాను.

"రెంటినీ కలిపి సగం చెయ్యమ్మా. మూడున్నర వచ్చిందా? ఇప్పుడు మూడుకీ మూడున్నరకీ మధ్య?"

"మూడుంపావు. ఇలా ఎంతసేపు తాతయ్యా? ఖతమ్ అవ్వదా?"

"జనరల్ బోగీలో బెంచీ చూశావు కదా? ఇద్దరి మధ్య 'భయ్యా, థోడా ఖిసకో, కొంచెం జరుగు' అంటూ ఒకడు దూరతాడు. వాడికీ పక్కవాడికీ మధ్య ఇంకొకడు. ఇదీ అంతే, ఎప్పటికీ నిండదు."

మాధురి పకపకా నవ్వింది. పాఠకులారా, నేను అక్కడే లేచి మంచినీళ్లు తాగి పడుకోవలసింది.

రెండో గడిలో అది అప్పటికే పది, పదకొండు, పదమూడుల వర్గమూలాలు రాసుకుంది. తొమ్మిదికి వర్గమూలం మూడు, పదహారుకి నాలుగు. కాబట్టి ఇవన్నీ మధ్యలోనే పడతాయి. చక్కటి జవాబులు. నాకు మాత్రం నచ్చలేదు.

"ఇవేం సంఖ్యలే? వీటితో ఎవడైనా ఒక్క మేకునైనా కొట్టాడా? అసలైనది చెప్తా, రాసుకో. ఇరవై రెండు బై ఏడు!"

"అది ఫ్రాక్షన్ కదా తాతయ్యా?"

"భాగించి చూడు, తెగుతుందా? తెగనిదే అపరిమేయం. దాంతోనే కొలిచి బతుకంతా ఇనుప పట్టీలు గుండ్రంగా వంచాను. ఒక్కటి వంకరపోయిందా?"

వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది. "దాని చార్టు దాన్ని రాసుకోనీండి. మీకేటి పోయింది?"

"నీకు తెలీదు, ఊరుకో."

"నాకు తెల్దు, నిజమే. మీకు తెల్సని ఎవులు సెప్పినారు?"

ఆ మాట పట్టించుకోకుండా, రెండో గడి నడిమధ్యన, ఎర్రరంగుతో, స్టేషన్ బోర్డంత అక్షరాలతో రాసి పారేశాను.

చార్టు ఎంచుకునే రోజున తల్లిదండ్రులందరినీ పిలిచారు, మా ఇంటి తరఫున నేనే వెళ్లాను. లెక్కల ఠాకూర్ మేడమ్ ఒక్కొక్కటీ చూస్తూ వచ్చి మా చార్టు దగ్గర ఆగింది.

"బేటీ, అన్నీ బాగున్నాయి. ఈ ఎర్రది ఎవరు చెప్పారు?"

మాధురి నేల చూసింది. నా పేరు చెప్పలేదు. నేనే లేచి నిలబడ్డాను. "నేనే మేడమ్‌జీ! అది తెగని సంఖ్య."

"అలాగా దాదాజీ? బోర్డు మీద కొంచెం భాగించి చూపిస్తారా?"

పెళ్లిపీటలకు నడిచే వరుడిలా నడిచాను. మూడు, పాయింటు, ఒకటి, నాలుగు, రెండు, ఎనిమిది, ఐదు, ఏడు. జనం వైపు తిరిగి, "చూశారా, ఆగిందా?" అన్నాను.

"ఆగలేదు. ఇంకొంచెం చెయ్యండి."

ఒకటి. నాలుగు. రెండు. నా చెయ్యి నెమ్మదించింది. ఎనిమిది. అభన్‌పూర్ వెళ్లే చిన్నబండి రోజూ ఆగే స్టేషన్లలా అవే అంకెలు, అదే వరుసలో. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"తెగకపోయినా సరే, అవే అంకెలు తిరిగొస్తే అది భిన్నమే దాదాజీ," అంది మేడమ్ మెత్తగా. "వృత్తం లెక్కలో అసలు సంఖ్య వేరు. ఇది దాని బదులు పనికి వాడుకునేది."

ప్రదర్శనకు వేరే అమ్మాయి చార్టు వెళ్లింది. మాధురి మాది చుట్ట చుట్టి చంకలో పెట్టుకుంది. దారి పొడుగునా నా సైకిలు వెనక, నా వైపు వీపు పెట్టి కూర్చుంది.

వర్క్‌షాపులో ఆ సంఖ్యను నా చేతికిచ్చిన ఫోర్‌మన్ మీద నాకిప్పటికీ కోపమే. "ఇది అసలుది కాదురా, బదులుది" అని ఒక్క మాట అంటే ఆయన సొమ్మేం పోయింది? కానీ ఆ మాట మా ఇంట్లోనే ఒకరు ముందే అన్నారు. అది ఫ్రాక్షన్ కదా తాతయ్యా అని. కొలిచి కొలిచి అలవాటైన చేతులకు చెవులుండవు కాబోలు.

ఆ తర్వాత పిల్ల లెక్కలు వెనకగదిలో చేసుకునేది. నేను వస్తే పుస్తకం మూసేసేది. అప్పుడు కొలతలు తీసే నా పాత కాలిపర్స్ మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: ఏ సంఖ్య గుణగణాల గురించీ దాని ఏడో అంకె దాకా ఓపిక పట్టకుండా నోరు విప్పను, పిల్ల అనుమానం అడిగితే ముందు వింటాను, ఎర్రరంగు డబ్బా ముట్టుకోను.

ప్రమాణం బలంతో వెనకగది గుమ్మంలో నిలబడి అడిగాను. "మళ్లీ నా దగ్గర లెక్కలు చెప్పించుకుంటావా, లేక మానేసినట్టేనా?"

మాధురి పెన్ను కింద పెట్టింది. తర్వాత బెంచీ మీద కొంచెం పక్కకు జరిగింది.

"నువ్వు కూడా ఇరవై రెండు బై ఏడు లాంటోడివే తాతయ్యా. పరీక్షలో రాస్తే గలత్. ఇంట్లో వాడుకోడానికి చల్తా హై. రా, కూర్చో."