వీర్రాజు గారి పేరున పన్నెండు జాకెట్లు

గోదావరి పాయ దాటి, ప్రాణాలకు తెగించి, పదకొండు మంది పిల్లల చదువు నిలబెట్టిన వీరగాథ ఒకటి మీకు చెప్పబోతున్నాను. పాయ నేను దాటలేదు. గట్టు మీదే ఉన్నాను. ప్రాణానికి వచ్చిన ముప్పల్లా అమలాపురం బస్సులో ఒకావిడ పనసకాయ తెచ్చి నా కాలి మీద పెట్టడం. అయినా ఇలాంటి పనికి ఇంకెవరైనా బయల్దేరితే పనికొస్తుందని రాస్తున్నాను.

రాజోలు అవతల ఒక లంక రేవులో చిట్టిబాబు గారనే పెద్దాయన, ఇంకో ఏడుగురు కలిసి నీటి కాపలా కాస్తారు. స్నానాల రోజుల్లో గట్టున కూర్చుని, లోతుకి వెళ్ళేవాళ్ళ మీద విజిలేస్తారు. వినకపోతే దూకి లాక్కొస్తారు. జీతం లేదు, విజిలుంది. తాళ్ళు, ట్యూబులు, పడవకి డీజిలు, అన్నీ చందాల మీదే. లంక పిల్లలు బడికి వెళ్ళేదీ ఆ పడవలోనే. లైఫ్ జాకెట్లు లేకుండా పిల్లల్ని ఎక్కించకూడదని ఈమధ్య ఉత్తర్వు వచ్చింది. ఆదివారం సాయంత్రం నాలుగింటికి మండలాఫీసు నుంచి ఒకాయన వచ్చి చూస్తాడు, అందరూ జాకెట్లేసుకుని దాటితేనే అనుమతి. సోమవారం చిట్టిబాబు గారి మనవరాలు దుర్గకి పదో తరగతి మొదటి పరీక్ష. పడవ లేకపోతే చుట్టూ తిరిగి వెళ్ళాలి. ఆ దారిలో పొద్దున్నే బస్సు లేదు.

ఈ సంగతి చిట్టిబాబు గారు మా స్నేహితుల గ్రూపులో పెడితే నలభై మంది దండం బొమ్మలు పెట్టేరు. నేను మాత్రం తెలివిగా "నావల్ల అయ్యేదేమైనా ఉంటే చెప్పండి" అని రాశాను. మర్యాదకి అనే మాట అది. చిట్టిబాబు గారు నిజంగానే చెప్పేరు, అమలాపురంలో ఒకాయన జాకెట్లు ఇస్తున్నారు, అవి తెచ్చి రేవుకి చేర్చాలని.

ఆదివారం ఉదయం ఆరూ ఇరవైకి రాజమండ్రిలో బస్సెక్కాను. రావులపాలెం దాకా నిద్ర, కొత్తపేట దాకా పనసకాయ. తొమ్మిదికి అమలాపురం. బస్టాండు ఎదుట పెసరట్టు ఉప్మా తిన్నాను, బాగుంది. ఆ రోజు నన్ను విసిగించకుండా జరిగిన పని అదొక్కటే.

జాకెట్ల దాత సుబ్బారాయుడు గారు కొబ్బరికాయల వ్యాపారి. పన్నెండు జాకెట్లూ ఆయన సొంత డబ్బుతో కొన్నారు, పిల్లలకి పదకొండు, పడవ నడిపేవాడికొకటి. కొట్లో వరసగా ఆరేసి చూపించేరు. నారింజ రంగు జాకెట్లు, వీపు మీద నల్లటి అక్షరాలు: "కీర్తిశేషులు". దాని కింద "శ్రీ వీర్రాజు గారు". ఇంకా కింద ఆయన పుట్టిన తేదీ, పోయిన తేదీ.

"మా నాన్నగారండి. గుడిలో ఫ్యాన్లకీ, బస్సు షెల్టరు బల్లకీ కూడా ఇలాగే వేయించేమండి. ఎలా ఉందండి?"

"బ్రహ్మాండంగా ఉందండి" అన్నాను. అప్పుడు నాకూ ఏమీ తట్టలేదు. బల్లకి బాగున్నది జాకెట్టుకి బాగుండదా అనుకున్నాను.

"మధ్యాన్నం మేమూ కారులో వస్తున్నామండి, ఫొటోలు తీయించాలి. జాకెట్లు మీరు బస్సులో తెచ్చేయండి. కారులో చోటు సరిపోదు" అంటూ కొబ్బరి బొండం చేతిలో పెట్టేరు.

పదకొండుంపావుకి రాజోలు బస్సు. రెండు మూటలకీ కండక్టరు లగేజీ టిక్కెట్లు కొట్టేడు. మూట తాడు ఊడి ఒక జాకెట్టు బయటపడితే, ముందు సీటు పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని పైకి చదివేరు.

"పాపం, తాతగారాండి?"

"కాదండీ, నాకేమీ కారు."

"దుఃఖంలో అలాగే అంటారండి. కూర్చోండి, కూర్చోండి" అని లేచి తన సీటిచ్చేరు. వెనకనుంచి ఎవరో కర్మకాండ ఏ ఊళ్ళోనని అడిగేరు. అంబాజీపేట వచ్చేసరికి బస్సంతా నన్ను ఓదార్చింది. సీటు మాత్రం మెత్తగా ఉంది.

ఒంటిగంటకి రాజోలు. భోజనం చేసి, ఆటో మాట్లాడుకుని, రెండున్నరకి రేవు చేరాను. పిల్లలు, తల్లులు, కాపలా వాళ్ళు గట్టు మీద ఎదురుచూస్తున్నారు. మూట విప్పగానే చిట్టిబాబు గారి భార్య సత్యవతి గారు ఒకటి తీసి చదివి, కింద పడేశారు.

"పరీక్షకెళ్ళే పిల్ల వీపుకి పోయినాయన పేరు కడతారా? అదీ ఏట్లో దింపుతూ? మా దుర్గ వేసుకోదు."

"ప్రాణం నిలబెట్టడానికేనే అది!" అన్నారు చిట్టిబాబు గారు.

"ప్రాణం పోయిన తారీకు కూడా రాసుందిగా!"

మిగతా తల్లులు కూడా పిల్లల చేతులు పట్టుకుని వెనక్కి జరిగేరు. తిరగేసి తొడుగుదామంటే బకిళ్ళు పడలేదు. రంగు పూసేద్దామంటే, అన్ని జాకెట్లూ ఇచ్చినాయన్ని అడక్కుండా ఎలాగని చిట్టిబాబు గారు ఒప్పుకోలేదు. దుర్గ మాత్రం తెలుగు పుస్తకంలోంచి తల ఎత్తకుండా, "ఎవరి పేరైనా పరవాలేదు తాతయ్యా, నేను వెళ్ళాలి" అంది. ఎవరూ వినిపించుకోలేదు.

మూడున్నరకి కారు వచ్చింది. సంగతి విని సుబ్బారాయుడు గారి ముఖం ఎర్రబడింది.

"మా నాన్నగారి పేరు అశుభమాండి? ఇదిగో, నేనేసుకుని ముందు దాటుతాను, చూడండి!" అని ఒకటి తొడుక్కుని బకిళ్ళు బిగించి, పడవ వైపు నాలుగడుగులు వేశారు. సినిమాలో అయితే ఇక్కడ వయొలిన్లు మోగాలి.

కారులోంచి వాళ్ళావిడ కేక మోగింది. "ఏవండీ! మీకేమైనా మతుందా? ముందది తీసెయ్యండి!"

ఆయన ఆగిపోయేరు. మెల్లగా బకిళ్ళు విప్పేరు. జాకెట్టు ముందుకి తిప్పి, ఆ అక్షరాలు పైనుంచి కిందికి చదివేరు.

"మా నాన్నగారు ఏనాడూ పడవెక్కలేదండి. నీళ్ళంటే భయం" అన్నారు. ఆ తరవాత, "పై లైనూ కింద లైనూ చెరిపేయండి. పేరొక్కటి ఉంచండి."

పడవకి వేసే నీలం రంగు డబ్బా తెచ్చేరు. బ్రష్షు ఒక్కటే, చీపురులాగా అరిగిపోయింది. పన్నెండు వీపులకి ఇరవై నిమిషాలు పట్టింది. చెరిపాక సత్యవతి గారు మళ్ళీ ఒకటి తీసి చదివేరు.

"శ్రీ వీర్రాజు గారు. ఆయ్, ఇప్పుడాయన ఉన్నట్టే. వెయ్యండి పిల్లకి."

నాలుగుంపావుకి ఆఫీసాయన వచ్చేరు. పదకొండు మంది పిల్లలూ, పడవ నడిపేవాడూ వీపులు ఎక్కడా ఆనకుండా బిగుసుకుని కూర్చున్నారు, రంగు ఆరలేదు మరి. ఆయన వెనకనుంచి లెక్కపెట్టుకుని, "అందరిదీ ఒకే పేరాండి?" అని మాత్రం అడిగేరు. పడవ వెళ్ళి, తిరిగొచ్చాక కాగితం మీద సంతకం పెట్టేరు. పన్నెండు మంది వీర్రాజు గార్లు ఏరు దాటుతుంటే సుబ్బారాయుడు గారు కళ్ళు తుడుచుకున్నారు. ఆయన కారులో తెచ్చుకున్న ఫొటోగ్రాఫరు అప్పుడు టీ తాగుతున్నాడు.

అయిదుంపావుకి ఆటోలో రాజోలు బస్టాండుకి తిరిగొచ్చాను. చొక్కాకి నీలం రంగు, చేతిలో సత్యవతి గారు కట్టిచ్చిన అరటిపళ్ళు. దారి పొడవునా కొబ్బరితోటల మీద ఎండ వాలుతోంది. రేపు పొద్దున్నే ఒక పిల్ల పడవెక్కి పరీక్షకి వెళుతుంది. ఇంతమంది పంతాల మధ్య, ఇంత చాదస్తం మధ్య, ఇచ్చిన సాయం చివరికి చేరవలసిన వీపు మీదికే చేరింది. మనుషుల మీద నమ్మకం పెట్టుకోవచ్చని ఏదో పెద్దమాట మనసులో తయారవుతుండగా, ఎంక్వయిరీ కిటికీలో రాజమండ్రి బస్సు గురించి అడిగాను.

అయిదున్నర బస్సు ఆదివారాలు ఉండదుట. తరవాతది ఏడుంపావుకి.