పై అంతస్తులోని బరువైన కణం

కుళాయి తిప్పితే నీళ్ళు వాటంతటవే వస్తాయని నేను నమ్మిన రోజులవి. పదో తరగతి తప్పి కువైట్ చేరి, సులైబియా గోడౌన్లో బస్తాల లెక్క చూస్తూ, నా కూడికకు లొంగనిది లోకంలో లేదనుకునేవాణ్ణి. ఇరాకీ సైన్యం వచ్చిపడ్డాక గోడౌన్ మూతపడింది. లెక్కపెట్టడానికి నాకు మిగిలింది మా అబ్బాసియా బిల్డింగు మిద్దె మీది నీళ్ళ ట్యాంకు ఒక్కటే.

ట్యాంకులోకి కొత్త నీళ్ళు రావడం ఆగిపోయింది. జోర్డాన్ వైపు బస్సు దొరికేదాకా ఉన్నవాటితోనే బతకాలి. మిద్దె ఎక్కి చూద్దామంటే ఎదురుగా సైనికుల కాపలా. అందుకని కుళాయి కింద బిందె పెట్టి, అది నిండేలోగా పైకే అంకెలు చదివేవాణ్ణి. మట్టం తగ్గేకొద్దీ ధార సన్నబడుతుంది, బిందె ఆలస్యంగా నిండుతుంది. (ఇది నేనే కనిపెట్టానని చాలా ఏళ్ళు అనుకున్నాను.) బిల్డింగులో మిగిలింది మా గదిలోని ముగ్గురమే అయినా, నీళ్ళు మా వాడకం కన్నా ఎక్కువ తగ్గుతున్నాయి. అనుమానం వంట చేసే రాయచోటి చిన్నాయన మీదికి పోయింది. "దొంగతనంగా స్నానం చేస్తాండావా చిన్నాయనా?" అంటే, "నా పక్కనే కూచోని అడుగుతాండావే, వాసన రాలేదా నీకు?" అన్నాడాయన.

ఆ సాక్ష్యానికి తిరుగులేదు. గొట్టం కారుతోందని తేల్చేసి, గదిలో మూడోవాడైన మాస్టారికి చెప్పాను. హైదరాబాదు మనిషి, ఇక్కడి స్కూల్లో ఫిజిక్స్ చెప్పేవాడు. తుపాకులు మోగుతున్నా హిగ్స్ కణం గురించే చదువుకునేవాడు. అదింకా ఎవరికీ దొరకనే లేదు. ఆయన మాత్రం అలాంటివి మరికొన్ని ఉంటే ఎలాగన్న లెక్కలో ఉండేవాడు.

"సున్ మియా, బరువైన కణాన్ని పుట్టించేటంత శక్తి మన తాన లేదు. అయినా తేలిక కణాల లెక్కల అది చిన్న తేడా పెట్టి పోతది. అదేందో తెల్వకున్నా, ఆ తేడాను ఒక అంకెగా రాసుకొని పని నడపొచ్చు."

"నేనూ అదే చేసినా గదా సార్. తేడాకు గొట్టం అని పేరు పెట్టినా."

"పేరు జల్దీ పెట్టినవ్. ఒక్కో రకం కణం ఒక్కో తీరు తేడా పెడతది. నీ తేడా ఏ వేళల వస్తది?"

చూస్తే, నా తేడా రాత్రిళ్ళు నిద్రపోతోంది. పొద్దునా మధ్యాహ్నమూ లేస్తోంది. "గొట్టానికి ఆకలైతదా?" అన్నాడు మాస్టారు.

అంతలో మర్నాడు బస్సుందని కబురొచ్చింది. నీళ్ళ లెక్క ఖలాస్ అని నేను సంచీ కట్టేశాను. మాస్టారు కట్టలేదు. "పైన మనిషుంటే? మనం పోతే ఏం గావాలె?" అన్నాడు. పై గదికి బయట తాళం ఉంది. దాన్ని చూసే ఖాళీ అనుకున్నాం. తట్టినా పలుకు లేదు. ఇక్కడ ఇళ్ళ పనికొచ్చేది ఎక్కువగా మా వైపు ఆడవాళ్ళే కదా అని, చిన్నాయన తలుపుకు నోరు ఆనించి, "అమ్మీ, మాది రాయచోటి. పొద్దున బస్సుంది" అన్నాడు.

లోపలినుంచి ఒక సన్నటి గొంతు. "రాయచోటిలో యాడ?"

సుత్తితో తాళం పగలగొట్టాం. పనిచేసే ఇంటి మామా, అంటే యజమానురాలు, ఆమె ఇంటివాళ్ళు సౌదీకి పోతూ ఈమెను వదిలేశారట. ఈమె అన్న బియ్యమూ పప్పూ ఇచ్చి ఇక్కడ దాచి, నోరెత్తవద్దని చెప్పి, సైనికులు ఖాళీ గదనుకోవాలని బయట తాళమేసి, బస్సు కనుక్కోవడానికి పోయి తిరిగి రాలేదు. (తర్వాత జోర్డాన్ శిబిరంలో కనిపించాడు.) ఆమె నన్ను చూసి అడిగిన మొదటి మాట: "అంకెలు సదివేది నువ్వేనా అన్నా? అవి వింటానే దినాలు గడిపినా. తొంభై ఒకటి మాత్రం దినామూ ఎగరగొడతాండావు."

ప్రతిసారీ ఒకేలా ఎగరగొట్టాను కాబట్టి ఒక బిందెకూ ఇంకో బిందెకూ మధ్య తేడా చెడలేదని మాస్టారు బస్సులో నన్ను ఓదార్చాడు.

ఆ హిగ్స్ కణం దొరికిందని ఎన్నో ఏళ్ళకు టీవీలో చెప్పారు. దాని బరువైన తోబుట్టువులు ఉన్నాయో లేవో ఇంకా తేలలేదట. చిన్న చిన్న తేడాల్లో వెతుకుతున్నారట. తలుపు తట్టేదాకా సంచీ కట్టకండని వాళ్ళకు చెప్పాలనిపిస్తుంది. నేను ఇప్పటికీ బిందె నింపుతూ అంకెలు చదువుతాను. తొంభై దాటాక కాస్త ఆగి, పైకప్పు వైపు చూసి, తొంభై ఒకటి గట్టిగా అంటాను.