బోణీ ఖీమా

చిరాగ్‌పల్లి దాటాక హైవే పక్కనున్న మా ఫ్యాక్టరీలో కోడి ఖీమా ప్యాక్ చేస్తారు. అందులో ప్రొటీన్ ఎంతుందో ల్యాబ్‌లో పరీక్షించడం నా పని. నేను చేరకముందు నుంచీ అక్కడొక ఆనవాయితీ ఉంది. పొద్దున్నే మిషన్‌కు అగరుబత్తి వెలిగించి, మొదటి వాయి పడగానే మేస్త్రీ స్వయంగా గుప్పెడు ఖీమా తెచ్చి నా బల్ల మీద పెట్టేవాడు. "బోణీ మంచిగుంటే దినమంతా మంచిగుంటది" అనేవాడు. ఎప్పుడు చూసినా ప్రొటీన్‌ది ఒకటే నెంబర్. అందరూ మెచ్చుకునేవారు. నాకు మాత్రం ఒళ్లు మండేది. కోడికీ కోడికీ తేడా ఉంటుంది కదా, ఈ నెంబర్‌కు ఒక్కనాడైనా జ్వరం రాదేం?

ఆ చలికాలం మా తమ్ముడు టీబీ నుంచి లేచాడు. మందులు అయిపోయాయి గానీ ఒంట్లో కండ లేదు. "మాంసం పెట్టండి, మళ్లీ మంచం పట్టకూడదు" అని డాక్టర్ గట్టిగా చెప్పాడు. సాయంత్రం డ్యూటీ దిగేటప్పుడు అప్పుడే ప్యాకైన ఖీమా తెచ్చేదాన్ని. వాడు గిన్నె నాకి మరీ తినేవాడు. అంగీ మాత్రం భుజాల మీద వేలాడుతూనే ఉంది.

"ఇంత తింటున్నడు, ఒంటికి పడ్తలేదేంది బిడ్డా?" అని అమ్మ రోజూ అడిగేది.

ఒకరోజు ఆ సాయంత్రం ప్యాకెట్‌నే పరీక్షించాను. నెంబర్ అదే! హమ్మయ్య అనుకున్నాను. అంతలోనే భయం పట్టుకుంది. ఆ పరీక్షకు తోలైనా నరమైనా ప్రొటీనే. కండ పట్టించేది ఏదో దానికి తెలియదు. తోలునూ నరాలనూ పట్టిచ్చే పరీక్ష ఇంకోటి ఉంది. అవి ఎంత ఎక్కువైతే రంగు అంత ఎర్రబడుతుంది. రెంటికీ ఆ పరీక్ష చేశాను. బోణీ ఖీమా లేత గులాబీ దగ్గర ఆగింది. సాయంత్రం ప్యాకెట్ బీట్‌రూట్ రసంలా తేలింది.

మేస్త్రీని నిలదీశాను. ఆయన ఏమీ దాచలేదు.

"బోణీల అచ్చం కండనే ఏస్తం. బోణీకి తోలేస్తరా ఎవరన్న? పొద్దెక్కినంక తోలు, నరాలు కలుస్తయ్. నెంబర్ వస్తుంది గద, ఫికరెందుకు నీకు?"

"రేపటి నుంచి సాయంత్రం సరుకే చూస్త" అన్నాను.

"బోణీ ఇడిసిపెడ్తవా? మంచిది కాదు తల్లీ."

అది బెదిరింపో, నిజమైన భయమో నాకు ఈనాటికీ తెలియదు.

ఇంటికెళ్లేసరికి తమ్ముడు ముందురోజు తెచ్చిన ఖీమా తిని కూర్చున్నాడు. చెయ్యి మడిచి చూపిస్తూ, "చూడక్కా, జర కండొచ్చింది" అన్నాడు. పట్టుకున్నాను. చేతికి ఎముకే తగిలింది. వాడు నా మొహంలోకే చూస్తున్నాడు.

"అవున్రా, వచ్చింది" అన్నాను.