సంచీకి టికెట్

చౌల్దారీ నుంచి పోర్ట్‌బ్లెయిర్ వచ్చే బస్సులో కూర్చున్నాను. పక్కన నా సంచీ, అందులో కాలుష్య నియంత్రణ అధికారిగా నేను రాసిన ఉత్తర్వు ముసాయిదా. దీవుల్లోని రంపపు మిల్లులన్నీ తమ పొగను నాలుగో వంతు తగ్గించాలి. ఏ మిల్లుకూ మినహాయింపు లేదు. అందరికీ ఒకే కొలత కాబట్టి అదే న్యాయమనుకున్నాను.

దారిలో ఎండుచేపల బుట్టతో ఒకామె ఎక్కి, నా సంచీ పక్కన సీటు అంచున ఎలాగో కూర్చుంది. తర్వాత ఒక ముసలాయన ఎక్కితే, "అందరూ కొంచెం కొంచెం జరగండి," అన్నాను.

ఆమె నవ్వింది. "అరే భయ్యా, నాను ఇప్పటికే సగం గాల్లో కూకున్నాను. ఇంకా జరిగితే కింద పడతాను. మీ సంచీకి కూడా టికెట్ తీసినారేటి?"

బస్సంతా నవ్వింది. సంచీ ఒళ్లోకి తీసుకున్నాను. ముసలాయన కూర్చున్నాడు.

మాటల్లో ఆమె తన భర్త చౌల్దారీ మిల్లులో పనిచేస్తాడని చెప్పింది. ఆ మిల్లుకు ఉన్నది ఒకే బాయిలరు, అదీ ఒక పూటే నడిచేది. పోర్ట్‌బ్లెయిర్‌లో హాడో వైపున్న పెద్ద మిల్లులో బాయిలర్లు రాత్రింబగళ్లు మండేవి. అది నాకు ముందే తెలుసు.

ఆఫీసుకు వెళ్లాక ముసాయిదా మార్చాలనుకున్నాను. మారిస్తే పెద్ద మిల్లు వాళ్లకు జవాబు చెప్పుకోవాలి. ఆ తలనొప్పి ఎందుకని అలాగే పైకి పంపాను. ఉత్తర్వు వచ్చాక పెద్ద మిల్లు ఒక బాయిలరు ఆపి, మిగతావి నడుపుకుంది. ఉన్న ఒక్క పూట కూడా తగ్గిస్తే నడపడం దండగని చౌల్దారీ మిల్లు మూసేశారు.

ఇప్పటికీ బస్సెక్కితే సంచీ ఒళ్లోనే పెట్టుకుంటాను, పక్కన ఎవరూ లేకపోయినా.