నా ఎత్తు బంగారం

సమ్మక్క జాతర రెండేళ్ళకోసారి. ఈసారి తప్పితే మళ్ళీ రెండేళ్ళు ఆగాలి. అంత ఓపిక నాకు లేదు. అందుకే వద్దన్న వాళ్ళందరినీ కాదని పొద్దున్నే సికింద్రాబాద్‌లో రైలెక్కాను.

నిరుడు పక్షవాతం వచ్చి నా ఎడమ కాలు పడిపోయింది. గోదావరిఖనిలో ఉండే మా సరోజక్క ఆ రోజే సమ్మక్క అమ్మకు మొక్కుకుంది, చెల్లె కర్ర లేకుండా నడిస్తే ఆమె ఎత్తు బంగారం ఇస్తానని. బంగారమంటే బెల్లమే. మనిషిని కాంటాలో కూర్చోబెట్టి, అంత బరువు బెల్లం తూచి గద్దె దగ్గర పెడతారు. అయితే కోరిక తీరాకే మొక్కు తీర్చాలి. నేను ఇంట్లో గోడ పక్కన నాలుగడుగులు వేశానో లేదో, "నడుస్తున్నానక్కా, బెల్లం చెప్పెయ్" అని ఫోన్ చేశాను. మొక్కు తీరిపోతే రోగమే సిగ్గుపడి పోతుందని నా ఆశ.

కాజీపేటలో ఎక్కిన ఒక అవ్వ నా కర్ర చూసి, "కాలుకేమైంది బిడ్డా?" అంది. చెప్పాను. "ఫికర్ జెయ్యకు, దేవుడున్నడు. మెల్లగ నడుస్తవు" అని సకినాలు చేతిలో పెట్టింది. అందరూ అనే మాటే కదా అనుకుని సకినాలు మాత్రం తిన్నాను.

రామగుండంలో దిగేసరికి మధ్యాహ్నమైంది. స్టేషన్ బయటే గోదావరిఖనికి షేర్ ఆటోలు దొరుకుతాయి. అక్కవాళ్ళది గని కార్మికుల కాలనీలో క్వార్టర్. నేను తిని నడుం వాల్చేలోపు బావ మొదటి షిఫ్టు డ్యూటీ నుంచి వచ్చాడు. "ఏం మరదలా, ఉరుకుతున్నవంట గద! నన్ను గూడ పట్టుకపో" అని నవ్వాడు. నేనూ నవ్వి, కర్రను మంచం కిందికి తోసి, ఆయన చెయ్యి పట్టుకుని అక్కతో పాటు ఆటో ఎక్కాను.

గోదావరిఖనిలో కూడా సమ్మక్క జాతర జరుగుతుంది. గోదావరి ఒడ్డున అమ్మ గద్దెల చుట్టూ ఇసుక వేస్తే రాలని జనం. పసుపు, బెల్లం వాసన. కాంటా దాకా ఎలాగో వెళ్ళాను. కాంటా ఆయన, "ఏం మొక్కమ్మా?" అని అడిగాడు.

"మా చెల్లె మంచిగ నడువాలెనని మొక్కిన" అంది అక్క.

అప్పటికి నేను రెండు చేతులతో కాంటా కొయ్యను వాటేసుకుని ఉన్నాను. కాలు గజగజ వణుకుతోంది. అమ్మ ఎదురుగా నిలబడి అబద్ధానికి బెల్లం తూచమనడానికి నోరు రాలేదు.

"అక్కా, నాకింకా నయం కాలేదు" అన్నాను.

"ఎరుకే. ఆటో ఎక్కేటప్పుడే సూసిన. గింత ఆశతోని అచ్చినవు, ఎట్ల వద్దనాలె?" అంది. నన్ను అక్కడే ఒక బండ మీద కూర్చోబెట్టి, కాలు తన ఒళ్ళో పెట్టుకుని పిసకసాగింది.

"మళ్ళీ జాతరకు కూడా నడవకపోతే?"

"ఆ మీది జాతరకు. అమ్మ ఏడికి పోతది? మొక్కు నాది. అది తీర్చేదాక నేను సావ."

చుట్టూ జనం ఉన్నారని కూడా చూడకుండా ఏడ్చాను. ఏడాదిగా నా కాలును నేను తిట్టుకోవడమే తప్ప, ఒక్కసారైనా అలా ఒళ్ళో పెట్టుకోలేదు. తూకం లేకుండానే అమ్మకు దండం పెట్టుకుని వచ్చాం.

మర్నాడు పొద్దున్నే బావ నన్ను రైలెక్కించాడు. సికింద్రాబాద్ రాగానే అందరూ తలుపు దగ్గరకు ఎగబడ్డారు. "జల్ది దిగండమ్మా" అన్నాడు వెనకాయన. "మీరు పదండి నాయనా" అని పక్కకు జరిగాను. పెట్టె ఖాళీ అయ్యాక, కమ్మీ పట్టుకుని నిదానంగా దిగాను.

అడిగింది ఇస్తేనే అమ్మ ఉన్నట్టని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఇప్పుడు అలా అనిపించడం లేదు. రెండేళ్ళకు మళ్ళీ వెళ్తాను, నడిచినా సరే, అక్క భుజం పట్టుకునైనా సరే.