తొమ్మిదో నంది దగ్గర మలుపు

యాగంటి బసవన్న ఏటికేడు పెరుగుతాడని మా వైపు అందరూ చెప్పుకుంటారు. నా కారులో గుర్రాలు అంతకంటే తొందరగా పెరిగేవి. బెంగళూరులో సెకండ్ హ్యాండ్‌లో కొన్న రోజు ఆ ఇంజనుది నూట తొంభై గుర్రాల బలం. అనంతపురం దాటేసరికి రెండు వందల ఇరవై అయ్యాయి. నంద్యాలలో నా విత్తనాల అంగడి ముందు బండి ఆపేసరికి మూడు వందలు. పగిడ్యాల నుంచి వేరుశనగ విత్తనాల కోసం వచ్చిన రైతు నోరు తెరుచుకొని వింటుంటే, ఆ నోటికి న్యాయం చేయాలి కదా అని ఇంకో యాభై కలిపాను.

"దీని వెనక చక్రాలు లేపిన దుమ్ము పోయి బండి ఆత్మకూరు ఊర్లో వానై కురిసిందప్పా," అని కూడా చెప్పాను. వాన మాట రాగానే రైతు ఆశగా మబ్బుల వైపు చూశాడు. అంగడిలో బల్ల మీద కూర్చున్న మా లెక్కల సార్ మాత్రం నా వైపు చూశాడు.

ఈయన నాతో పలక పట్టినప్పటి నుంచి స్నేహితుడు. ఇప్పుడు హైస్కూల్లో లెక్కలు చెబుతాడు, ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. ఆయనకొక బుల్లి కారు ఉంది. దాంట్లో ఆయన కూర్చుంటే కారును తొడుక్కున్నట్టుంటుంది.

"ఎన్ని కోతలు కోస్తాండావప్పా," అన్నాడు రైతు వెళ్లాక. "నీది పదహారు క్వింటాళ్ల బరువు, నూట తొంభై గుర్రాలు. నాది తొమ్మిది క్వింటాళ్లు, తొంభై గుర్రాలు. భాగించు. క్వింటాకు నీకు పన్నెండు, నాకు పది. ఈ రెండు గుర్రాలకేనా ఇంత ఎగురుతాండావ్?"

"నీది ముందు చక్రాలతో లాగే బండి సార్. ఎద్దులబండి. నాది వెనక నుంచి తోసేది."

"అయితే తోపుడుబండి. ఉల్లిగడ్డలు అమ్ముకో."

అక్కడ పుట్టింది పందెం. మలుపుల్లో ఎవరి బండి ముందో తేల్చుకోవాలి. ఆయన ఓడితే ఏడాది పాటు స్టాఫ్ రూములో నా కారు గొప్పలు చెప్పాలి. నేను ఓడితే ఏడాది పాటు ఒక్క కోత కూడా కోయకూడదు. కూడు మానేయమన్నా ఒప్పుకునేవాణ్ణి. మాట పోతే అంగడికి ఎవరొస్తారు? విత్తనాలు ప్రతి అంగట్లోనూ ఉంటాయి, కథలు నా దగ్గరే ఉండేవి. అయినా మూతి మీద మీసం ఉంది కాబట్టి సరేనన్నాను.

చోటు ఆళ్లగడ్డలో దొరికింది. మా ఇద్దరికీ తెలిసిన శిల్పి ఒకాయన ఊరి బయట రాళ్లు చెక్కుతాడు. ఎవరో తొమ్మిది నందులు కావాలంటే చెక్కి, లారీకి ఎక్కించడానికి వీలుగా ఖాళీ జాగాలో నూరు అడుగులకొకటి చొప్పున వరసగా నిలబెట్టాడు. చివర ఒక శివలింగం ఉంది, తొమ్మిదో నంది దాని వైపే చూస్తూ కూర్చుంది. నందుల మధ్య పాములాగా మెలికలు తిరుగుతూ పోయి, తొమ్మిదో నందిని చుట్టి, మళ్లీ మెలికలు తిరుగుతూ వెనక్కి రావాలి. ఎవరు తొందరగా వస్తే వాళ్లు గెలిచినట్టు.

"నా నందికి గీత పడిందనుకో," అన్నాడు శిల్పి ఫోన్‌లో గడియారం తెరుస్తూ, "మీ ఇద్దర్నీ ఆడనే కూసోబెట్టి ఉలి తీసుకుంటా."

ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చిన సార్ తెల్లచొక్కా చేతులు మడిచి ముందు బయలుదేరాడు. ఆయన కారులో రెండు పనులూ ముందు చక్రాలవే: బండిని లాగాలి, తిప్పాలి కూడా. అందుకని వేగం ఎక్కువైన ప్రతిచోటా ఆయన కారు మూతి మలుపు వదిలేసి బయటికి ఈడ్చుకుపోయింది. అప్పుడు ఆయన కాలు కాస్త సడలించేవాడు, మూతి బుద్ధిగా లోపలికి వచ్చేది. తప్పు లెక్కను దిద్దినట్టు ఒక్కో నందినీ దిద్దుకుంటూ పోయి వచ్చాడు. ఒక నిమిషం పన్నెండు సెకన్లు.

తర్వాత నేను. అబ్బ, ఏం చెప్పమంటారు! వెనక చక్రాలు తోస్తుంటే ముందు చక్రాలకు తిరగడం తప్ప ఇంకో పని లేదు. మూతి చూసిన వైపుకల్లా పోతోంది. యాక్సిలరేటర్ తొక్కితే బండి వెనకభాగం కొంచెం పక్కకు జారి, స్టీరింగ్ సరిచేస్తే మళ్లీ వరసలోకి వస్తోంది. మూడో నంది దగ్గర ఈల వేశాను. ఐదో నంది దగ్గర పాట అందుకున్నాను. ఎనిమిదో నంది దాటేసరికి సార్ కంటే ఐదారు సెకన్లు ముందున్నానని శిల్పి తర్వాత చెప్పాడు.

తొమ్మిదో నందిని చుట్టడానికి స్టీరింగ్ తిప్పాను. వెనకభాగం జారుతోంది, కాలు గట్టిగానే ఉంది, అంతా బాగుంది. ఎదురుగా శివలింగం కనబడింది.

బసవన్నకూ స్వామికీ మధ్య నడవకూడదు. చిన్నప్పుడు మహానందిలో అలా అడ్డంగా పరిగెత్తబోతే మా అవ్వ నా చెవి పట్టుకొని వెనక్కి లాగింది. ఆ చెవి ఇప్పుడూ నాకే ఉంది. నేనేమీ ఆలోచించలేదు. కాలు దానంతటదే యాక్సిలరేటర్ మీద నుంచి లేచి, బ్రేకు మీద పడింది.

మలుపు మధ్యలో అలా కాలు తీస్తే పదహారు క్వింటాళ్లూ ఒక్కసారి ముందుకు ఒరుగుతాయి. వెనక చక్రాల మీద బరువు తేలిపోతుంది. వెనకభాగం ముందుకు రావాలని పట్టుబట్టింది. నేను నందిని చూశాను, సార్‌ను చూశాను, మళ్లీ నందిని చూశాను, సార్ నోరు తెరిచి ఉండటం కూడా చూశాను. దుమ్ము తగ్గేసరికి నా కారు తొమ్మిదో నంది పక్కనే, మూతి లింగం వైపు పెట్టి, ఇంజన్ ఆగిపోయి, భక్తిగా కూర్చుని ఉంది. నందికి గీత పడలేదు.

శిల్పి నవ్వుతూ పరిగెత్తుకొచ్చాడు. "ఏందప్పా, పదో నంది వేసినావ్?"

"మధ్యలో యాడ పోయేదన్నా? అడ్డం పోకూడదు కదా?"

"ఆ బసవన్నకు ఇంకా కండ్లు తెరిపించే పూజ కాలేదప్పా! కండ్లు తెరిపించేదాకా అది ఉట్టి రాయి. సార్ పొద్దుననే ఫోన్ చేసి అడిగినాడు, ఆడ అడ్డం పోతే తప్పయితాదా అని."

నేను సార్ వైపు తిరిగాను. "నీకు చర్చి కదప్పా, నువ్వెందుకు అడిగినావ్?"

"పక్కోని దేవుడు కదా, అడిగి పోవాల," అన్నాడు. "నీ దేవున్ని నువ్వు అడిగింటే గెలిచిండేవాడివి."

మళ్లీ స్టార్ట్ చేసి వెనక్కి వచ్చేసరికి రెండు నిమిషాలు దాటింది. ఏడాది పాటు కోతలు కోయనని సార్ అక్కడే నాతో చేతిలో చెయ్యి వేయించుకున్నాడు.

మర్నాడు అంగడి ఎదురుగా టీ కొట్టు దగ్గర పదిమంది నా కోసం కాచుకొని ఉన్నారు. సార్ వాళ్ల వెనక నిలబడి గ్లాసులో చక్కెర కలుపుకుంటున్నాడు.

"ఏమైందన్నా, ఆళ్లగడ్డ కథ చెప్పు!"

"ఓడిపోయినా," అన్నాను. "నా కారుకు మూడు వందల గుర్రాలు లేవు, నూట తొంభై. కాలు ఎత్తకూడని చోట ఎత్తినా. బండి గిర్రున తిరిగి నంది పక్కన కూసునింది."

ముందు టీ కొట్టాయన నవ్వడం మొదలుపెట్టాడు, అందరూ అందుకున్నారు. కడుపు పట్టుకొని నవ్వుతున్నారు.

"కారు పోయి నంది పక్కన కూసునిందంట! ఎంత కోత కోసినావన్నా, ఇట్లాంటిది ఇంతవరకు కోయలేదు!"

"నిజమేనప్పా!" అని అరిచాను. ఇంకా నవ్వారు. సార్ వైపు చూశాను, సాక్ష్యం చెబుతాడేమోనని. ఆయన టీ ఒక గుక్క తాగి, నాకేం తెలుసన్నట్టు భుజాలెగరేశాడు.