ఆటగాడి కొడుకు పెట్టని సంతకం

పోయిన వారం ఒమాన్‌లో, వాడి కబీర్‌లో ఉండే మా అమ్మాయి ఇంట్లో పొద్దుటి కాఫీ తాగుతుంటే, ఇంగ్లండు నుంచి ఫోనులో ఒక ఉత్తరం వచ్చింది. రాసినామె, ఒకప్పుడు ఇబ్రా సైట్‌లో మా పై అధికారిగా ఉన్న ఇంగ్లీషు ఇంజినీరు కూతురు. ఆయన పోయారట. ఆయన తండ్రి రెండు ప్రపంచ యుద్ధాల నడుమ జీతానికి ఫుట్‌బాల్ ఆడినవాడు. ఆ తాతగారి మీద చిన్న పుస్తకం వేస్తున్నారట. "నాన్న ఆ కథలన్నీ మీకు చెప్పేవారట, మీరు ఏదీ మరిచిపోరట. గుర్తున్నవి రాసి పంపగలరా?" అని అడిగింది. మరిచిపోకపోవడం నిజమే, అదే నా జబ్బు. కాఫీ చల్లారింది, నేను కాగాను.

నేను ఐదో తరగతి దాటలేదు. స్టోర్ కీపరుగా పైపుల చిట్టాలు రాస్తూ కొంత ఇంగ్లీషు పట్టాను, మిగిలింది ఈ ఇంజినీరు, అంటే మేము దొర అని పిలుచుకున్న మనిషి, టీ వేళ రేకుల షెడ్డు కింద చెప్పిన కథల్లో పట్టాను. ఆయన తండ్రి బొగ్గుగని నుంచి వచ్చి మైదానంలో ఎడమ అంచున పరుగెత్తేవాడట. ఆ రోజుల తోలు బంతి వానకు తడిస్తే సిమెంటు బస్తా అయ్యేదట, తలతో కొడితే దాని కుట్లు నుదుటి మీద అచ్చుపడేవట. ఈ ముక్క దగ్గరకు రాగానే దొర లేచి, ఖాళీ పెయింటు డబ్బాను ఎడమకాలి బూటుతో తన్నేవాడు. అది పోయి నా ఇనుప బీరువాకు తగిలేది. గోలు ఆయనది, సొట్ట నాది. కథ అక్కడ ఆగితే బాగుండేది. ఏటా ఆటల కాలం ముగియగానే, ఎవరిని ఉంచుకుంటున్నదీ ఎవరిని వదిలేస్తున్నదీ క్లబ్బు ఒక జాబితా వేసేది. ఉంచుకున్నవాడు ఇంకో క్లబ్బు గడప తొక్కడానికి లేదు. ఒక ఏడు పెద్ద క్లబ్బు ఒకటి ఆయన తండ్రిని పిలిచింది. "నీలాంటివాణ్ణి వదులుకోలేం," అన్నాడట మేనేజరు. కోపం వచ్చి ఆయన కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టలేదు. ఆ ఏడంతా ఆటా లేదు, జీతమూ లేదు, మళ్ళీ గనిలో దిగాడు. చివరికి తల వంచి అదే క్లబ్బుకు వచ్చాడు. కాళ్ళు మందగించాక ఒక వేసవిలో వాళ్ళే వదిలేశారు. "మా నాన్నను పశువును కట్టేసినట్టు కట్టేశారు," అని దొర కళ్ళు తుడుచుకునేవాడు. మేమూ తుడుచుకునేవాళ్ళం.

ఆ కథను పనివాళ్ళం కలిసుండే రూములో నేను తెలుగు చేసి చెబితే, అందరికన్నా ఆశగా విన్నది మా ఏసీ మెకానిక్ భాయ్. మా కడపవాడే. పన్నెండేళ్ళుగా, రెండేళ్ళకోసారి రెండు నెలలు మాత్రమే భార్య ముఖం చూసిన మనిషి. అతనికి అల్ ఖౌద్‌లో ఒక కంపెనీ ఉద్యోగం ఇస్తానంది, భార్యను తెచ్చుకునేలా ఫ్యామిలీ వీసాతో సహా. అప్పట్లో పాత కంపెనీ రిలీజు కాగితం ఇస్తేనే కొత్త చోట చేరడం, లేకపోతే దేశం విడిచి రెండేళ్ళు బయట ఉండాలి. భాయ్ నేరుగా మా ఒమానీ యజమాని దగ్గరికి, అర్బాబ్ దగ్గరికి, పోతానన్నాడు. నేనే ఆపాను. "ముందు దొరను అడుగు భాయ్. తండ్రి పడింది కళ్ళారా చూసినోడు. ఆయనకు కాక ఇంకెవరికి తెలుస్తుంది నీ బాధ?" అన్నాను. "నీకు ఇంగ్లీషొచ్చు, లోకం తెలుసు. నువ్వు పొమ్మంటే పోతా అన్నా," అన్నాడు. ఆ మాట ఇప్పటికీ ముల్లులా గుచ్చుతుంది.

ఇద్దరం వెళ్ళాం. దొర నవ్వుతూ భాయ్ భుజం తట్టాడు. "నా దగ్గరున్న మెకానిక్కుల్లో నువ్వే మేలు. నిన్నెలా వదులుకుంటాను?" అన్నాడు. నా ఒళ్ళు మండింది. "సార్, మీ నాన్నగారి మేనేజరు అన్నదీ ఇదే మాట," అన్నాను. ఆయన ముఖం కందగడ్డ అయింది. "అది ఫుట్‌బాల్. ఇది పని," అన్నాడు. అంతే! ఏళ్ళ తరబడి మా ముందు కార్చిన కన్నీళ్ళకు విలువ అంతే! తర్వాత అర్బాబ్ దగ్గరికీ పోయాం. ఆయన పెన్ను తీశాడు, ఇంజినీరుకు ఫోను చేశాడు, పెన్ను మూసేశాడు. "పహలే మేరే పాస్ ఆనా థా, సదీక్," అన్నాడు. నేస్తమా, మొదటే నా దగ్గరికి రావలసింది అని; ఇంజినీరు కాదన్నాక ఇక తాను సంతకం పెట్టలేడట. భాయ్ నిచ్చెన భుజాన వేసుకుని మళ్ళీ పనికి పోయాడు. నన్ను తిట్టినా బాగుండేది.

ఇంకో ఏడేళ్ళు అదే రూము, అదే మంచం. ప్రాజెక్టు ముగిశాక, పెళ్ళిలో తాంబూలాలు పంచినట్టు అందరికీ రిలీజు కాగితాలు పంచారు. అప్పటికి భాయ్ మోకాళ్ళు పట్టేశాయి, నిచ్చెన ఎక్కలేడు, ఏ కంపెనీ తీసుకోలేదు. కడప చేరాక ఫోను చేసి ఎట్లుండావని అడిగాను. "ఏం చెప్పేదన్నా. మా ఆడమనిషి తను గలాసులో తాగుతాంది, నాకు మాత్రం కప్పూ సాసరూ పెడతాంది. చుట్టం వచ్చినాడనుకుంటాంది," అని పకపకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఇంగ్లండు అమ్మాయికి అన్నీ రాశాను. ఆటగాడి సంగతి కింద భాయ్ సంగతీ రాసి, వేస్తే రెండూ వేయండి అన్నాను. నిన్న జవాబు వచ్చింది. ఫుట్‌బాల్ విషయాలు అమూల్యమట, మిగిలినదానికి తాతగారి పుస్తకంతో సంబంధం లేదట. సంబంధం లేకపోతే నా అక్షరం ఒక్కటి కూడా వాడవద్దని తిరిగి రాశాను. భాయ్‌కి చెబితే, "ఇడ్సెయ్ అన్నా, ఇప్పుడు ఆ కాగితమే అక్కర్లేదంట కదా," అన్నాడు. నిజమే. ఒప్పందం పూర్తిచేసినవాడు ఇప్పుడిక్కడ ఎవరినీ దేబిరించనక్కర్లేదు, అక్కడ క్లబ్బుల పెత్తనమూ ఎన్నడో పోయింది. మంచిదే, కాదనను. కానీ కాలానిది ముందుకే నడక. ఎంత మంచి రూలైనా వెనక్కి వెళ్ళి, పోయిన ఏళ్ళలో ఒక్కదాన్ని కూడా విడిపించుకు రాలేదు.